చీనీ తోటల్లో తొలి వేటు

మొన్న వేసవికి ముందు ఒక ఉద్యాన కళాశాల వాళ్లు పిలిస్తే వెళ్లాను. చదువు ముగించి ఉద్యోగాల్లోకి రాబోతున్న పిల్లలకు నాలుగు మాటలు చెప్పమన్నారు. నేల గురించి, నీటి గురించి, ఉద్యోగం గురించి ఏవేవో చెప్పాను. చివర్లో వెనక వరుస నుంచి ఒక అమ్మాయి లేచి, "సార్, ఇన్నేళ్లలో మీరు నాటించిన చెట్లలో మీకు బాగా గుర్తుండిపోయిన చెట్టు ఏది?" అని అడిగింది.

మామూలు ప్రశ్నే. ఇలాంటి సభల్లో ఎవరో ఒకరు అడిగేదే. నేను మాత్రం గ్లాసు ఎత్తి నీళ్లు తాగాను. రాయదుర్గం వైపు ఒక మామిడి తోట గురించి ఏదో అల్లి చెప్పి కూర్చున్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు, పెద్దలు శాలువా కప్పారు, ఎవరో బస్సు దాకా వచ్చి ఎక్కించారు.

బుక్కరాయసముద్రంలో దిగి, ఇంటి తాళం తీసి, శాలువా కుర్చీ మీద పడేసి ఒక్కడికి సరిపడా బియ్యం కడిగాను. అన్నం ఉడుకుతున్నంతసేపూ ఆ అమ్మాయి ప్రశ్నే. నాటించిన చెట్లు నాకు పెద్దగా గుర్తులేవు. కొట్టించిన చెట్లు గుర్తున్నాయి. ఈ చుట్టుపక్కల ఊళ్లలో తోటల ఆఫీసరుగా నన్ను తలుచుకునేవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లు తలుచుకునేది కూడా అందుకే.

అయితే ఆమె అడిగిన దానికి నా దగ్గర ఒక జవాబు ఉంది. అది నేను నాటించిన చెట్టు కాదు, కొట్టించిన చెట్టూ కాదు. శాలువా కప్పే చోట చెప్పడానికి కుదరని సంగతి. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఈ పనిలోకి ఎలా వచ్చాను

మాది ధర్మవరం. మా నాయన పట్టుచీరలు నేసేవాడు. మాకు సెంటు భూమి లేదు. మార్కులు వచ్చాయి, సీటు వచ్చింది, తోటల చదువుకు పోయాను. అంతకు మించి గొప్ప కారణమేమీ లేదు. చిన్నప్పటి నుంచీ చెట్లంటే ప్రాణం అని చెప్పుకునే సహోద్యోగులు చాలామంది తగిలారు. వాళ్లలో సగంమంది ఆఫీసు కుర్చీ వదల్లేదు.

చదువుకు పోతున్నానని చెప్పినప్పుడు మా నాయన మగ్గం ఆపి అడిగాడు. "చెట్లు పెంచేదానికి చదువెందుకప్పా? నీళ్లు పోస్తే అవే పెరుగుతాయి గదా."

అందరం నవ్వాం. మా నాయన మాటలో తప్పేమీ లేదు. ఈ జిల్లాలో ఉద్యోగమంతా ఆ నీళ్లు పోయడం దగ్గరే ఉంది. ఎర్ర గరుసు నేల, కింద బండ, పైన ఎప్పుడు దయతలుస్తుందో తెలియని మబ్బు. చదువులో మొక్కకు కావలసినవి పదహారు రకాలు చెప్పారు. ఇక్కడికి వచ్చాక ఒక్క దాని గురించే మాట్లాడుతూ బతికాను.

బదిలీలు

కొత్తగా వచ్చేవాళ్లకు ముందే చెప్పాల్సింది ఒకటుంది. చీనీ మొక్క నాటితే చేతికి కాయ రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. మిమ్మల్ని అంతకంటే ముందే ఇంకో చోటికి పంపిస్తారు. గుంత కొలిచి, అంటు మొక్క పైపైన చూసి మోసపోకుండా వేరు చూసి ఎంచి, రైతు పక్కన మోకాళ్ల మీద కూర్చుని నాటించిన తోట తొలి కాపు మీరు చూడరు. అప్పటికి మీరు వేరే మండలంలో వేరొకరు నాటించిన తోటకు తెగులు మందు చెబుతుంటారు. దీనికి కొందరు అలవాటు పడిపోతారు. నేను పడలేదు. పాత మండలం మీదుగా బస్సులో పోతున్నప్పుడు కిటికీలోంచి మెడ చాచి చూసేవాడిని. బస్సు ఆగేది కాదు.

నా భార్య కర్నూలు ఆసుపత్రిలో నర్సు. ఆమె బదిలీలు ఆమెవి, నావి నావి. ఇద్దరం ఒకే ఊళ్లో ఉన్న కాలం తక్కువ. పిల్లలు కలగలేదు. రిటైరయ్యాక ఒకచోట ఉందాం అనుకుంటూ గడిపాం. రోజూ సాయంత్రం ఫోను చేసేది. ఆ ఫోను సంగతి మళ్లీ చెబుతాను.

ఎండగట్టడం

చీనీ అంటే బత్తాయి. మా వైపు చీనీ అనే అంటాం. ఈ చెట్టును సాకడంలో ఒక చిత్రమైన పని ఉంది. ఏటా చలికాలంలో పూత రాకముందు రైతు కావాలనే నీళ్లు ఆపేస్తాడు. దాన్నే ఎండగట్టడం అంటారు. ఆకు వాడుతుంది, కొంత రాలుతుంది. చూసేవాళ్లకు తోట పోయిందనిపిస్తుంది. అప్పుడు ఎరువు వేసి నీళ్లు వదిలితే చెట్టు నిండా పూత విరుచుకుపడుతుంది. దాహం వేస్తేనే పూసే చెట్టు ఇది.

ఎన్నాళ్లు ఎండగట్టాలి, ఎక్కడ ఆపాలి అన్నది ఆకు చూసి తెలుసుకోవలసిందే. ఈ వైపు రైతులకు అది బాగా తెలుసు. ఆ తెలివే కరువు ఏడాదిలో వాళ్లను ముంచుతుంది. బోరు ఆగిపోయి ఆకు రాలుతుంటే, "ఏటా రాలుతాది గదా, నీళ్లు పడితే లేస్తాది" అనుకుంటూ కూర్చుంటారు. ఎండగట్టినప్పుడు నీళ్లు వాళ్ల చేతిలో ఉంటాయి. కరువులో ఉండవు. ఆ తేడా చెట్టుకు ముందు తెలుస్తుంది, మనిషికి ఆలస్యంగా తెలుస్తుంది.

కదిరి వైపు అన్నదమ్ములు

కదిరి దగ్గర ఒక ఊళ్లో ఓబులేసు, ఆయన తమ్ముడు కలిసి ఒకే తోట పెట్టుకున్నారు. మంచి తోట, నిండు కాపు మీద ఉంది. వరసగా వానలు ముఖం చాటేసి బోరు ఎండింది. ఇంకో బోరు వేశారు, దుమ్ము లేచింది. చివరికి ట్యాంకరుతో నీళ్లు తెచ్చి పోస్తున్నారని తెలిసి వెళ్లాను.

ఓబులేసు ప్రతి చెట్టు పాదులో ఒక్కొక్క బిందె పోస్తున్నాడు. ఒక్క చెట్టునూ వదలకుండా, ఒకదానికి ఎక్కువ ఒకదానికి తక్కువ కాకుండా. ఆ ఎండకు బిందెడు నీళ్లు పాదు తడవడానికే సరిపోతాయి, వేరు దాకా పోవు. కొన్నిటిని వదిలేసి కొన్నిటికి నిండుగా పోయమన్నాను.

బిందె కింద పెట్టి నా వైపు చూశాడు. "అందరు పిల్లోళ్లకూ ఒక్క తీరున పెట్టల్ల గదా సారూ. ఒకనికి పెట్టి ఒకన్ని పస్తు పండబెడ్తామా? అట్లాంటి ఇంట్లో పుట్టలేదప్పా మేము."

ఇంకెక్కడి రైతైనా లెక్క వేసుకునేవాడేమో. ఈ నేల మీద కరువులో పుట్టి, ఉన్న సంగటి ముద్దను అందరికీ సమానంగా తుంచి పెట్టే ఇళ్లలో పెరిగినవాళ్లకు అది చేతకాదు. సమానంగా పోశారు. చెట్లన్నీ కొద్ది రోజులు ఎక్కువ బతికి, అన్నీ కలిసి ఎండిపోయాయి.

కట్టెలు కొనేవాళ్లు లారీతో వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. గొడ్డళ్లు పట్టుకుని నిలబడ్డారు గానీ ఎవరూ కదలడం లేదు. నేను తిరిగిన ఊళ్లలో ఇది పాత ఆచారం. నాటిన మనిషి ఆ చెట్టు మీద గొడ్డలి ఎత్తడు. కూలికి వచ్చినవాళ్లు కూడా తొలి వేటు వేయరు, ఆ ఉసురు తమకు తగులుతుందని. బయటివాళ్లెవరైనా ఒక్క వేటు వేస్తే మిగతా పని వాళ్లు చూసుకుంటారు.

ఓబులేసు తమ్ముడు గొడ్డలి తెచ్చి నా చేతికిచ్చాడు. "నువ్వు ఒక దెబ్బ ఎయ్యి సారూ. నువ్వు ఎట్లా బయటోనివే గదా."

ఆ తోటకు తెగులు మందు చెప్పింది నేను. వాళ్లింట్లో ఎన్నోసార్లు భోంచేశాను. బయటివాడినని ఆ రోజే తెలిసింది. వేటు వేశాను. ఎండు కట్టె, గొడ్డలి ఎగిరి వచ్చింది.

నారాయణప్ప తోట

తర్వాత రెండు మూడేళ్లకే మళ్లీ కరువు. అప్పుడు నేను అనంతపురం పక్కన, తాడిపత్రి రోడ్డు వైపు పల్లెలు చూస్తున్నాను. అక్కడ నారాయణప్ప అనే రైతు చీనీ తోట మొదటి రెండు కాపులు ఇచ్చి ఊరంతా చెప్పుకునేలా ఉండేది. నాటిన కొత్తలో ఆయన భార్య లక్ష్మీదేవమ్మ బిందెలతో నీళ్లు మోసి బతికించిన తోట. ఇప్పుడు బోరు ఉండుండి నీళ్లు, ఉండుండి గాలి.

నేను వెళ్లేసరికి చెట్లింకా పచ్చగానే ఉన్నాయి. అసలు చిక్కు అదే. ఎండిపోయాక కొట్టమంటే ఎవరైనా కొడతారు. పచ్చగా ఉన్నప్పుడే సగం కొట్టేస్తే, ఉన్న నీళ్లు మిగతా సగానికి సరిపోతాయి. నారాయణప్పకు అదే చెప్పాను. ఆయన తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని గట్టు దిగి వెళ్లిపోయాడు. మర్నాడు వెళ్తే ఇంట్లో లేడన్నారు. మూడోసారి టీ బంకు దగ్గర పట్టుకున్నాను.

"పచ్చని చెట్టును కొట్టమంటావా? నీ నోటికి ఎట్లొచ్చె సారూ ఆ మాట?" అని నలుగురిలో అరిచాడు.

"నాతో ఒకచోటికి రా నారాయణప్పా. చూసినాంక నీ ఇష్టం" అన్నాను.

ఇద్దరం బస్సులో కదిరికి పోయి ఓబులేసు పొలానికి వెళ్లాం. మోడులు తప్ప ఏమీ లేవు. ఓబులేసు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఎవరు, ఎందుకు వచ్చారని అడగలేదు. నారాయణప్ప ముఖం చూడగానే అర్థమైనట్టుంది.

"మేం అన్నిటికీ పెట్టినామన్నా" అన్నాడు. "యాదానికీ సాలలేదు."

తిరుగు బస్సులో నారాయణప్ప కిటికీలోంచి ఎండిన పొలాలు చూస్తూ కూర్చున్నాడు. దిగేటప్పుడు, "గుర్తులు పెట్టుకో సారూ. నేనైతే కొట్టే పొద్దు తోటకాడికి రాను" అన్నాడు.

సున్నం బొక్కెన, కుంచె పట్టుకుని తోటంతా తిరిగాను. బోరుకు దూరంగా ఉన్నవి, తెగులు పట్టినవి, కాపు తగ్గినవి ఏరి మొదళ్లకు సున్నంతో గీత పెట్టాను. గీత పడిన చెట్టు పోతుంది. లక్ష్మీదేవమ్మ నా వెనకే నడిచింది. ఏ చెట్టు దగ్గరా ఏమీ అనలేదు. బంక కారే తెగులు పట్టి ఒక పక్కకు వంగిన చెట్టు ఒకటుంది. దానికి గీత పెడుతుంటే మాత్రం, "ఇది కూడానా?" అంది. "ఇది ఎట్లా పోయేదేనమ్మా" అన్నాను.

మర్నాడు కూలీల కంటే ముందే తోటకు చేరాను. ఆ వంగిన చెట్టు మొదలు తడిగా ఉంది. సున్నం కడిగేసి, ఆనవాలు కనిపించకుండా ఎర్రమన్ను రుద్దారు. పక్కనున్న నిటారు చెట్టుకు కొత్తగా ఒక గీత ఉంది. కుంచెతో పెట్టింది కాదు, వేలితో పెట్టింది, వంకరగా ఉంది. లక్ష్మీదేవమ్మ ఆ వంగిన చెట్టు కిందే సంగటి క్యారియరు పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. చేతులకు ఎర్రమన్ను.

"అన్నీ సరిగ్గా ఉండాయా సారూ?" అంది, నా వైపు చూడకుండా.

పక్క చెట్టు దీనికంటే అన్ని విధాలా మంచిది. చదివిన చదువు ప్రకారం ఆమె చేసింది పొరపాటు. ఇన్ని బిందెలు మోసిన మనిషి మధ్యాహ్నం సంగటి తినే నీడ తనకు ఉంచుకుంది. ఇప్పుడు మళ్లీ ఆ గట్టు మీద నిలబెట్టినా నేను అదే జవాబు చెబుతాను.

"ఉండాయమ్మా. అన్నీ సరిగ్గానే ఉండాయి."

కూలీలు వచ్చారు. లక్ష్మీదేవమ్మ గేటు దగ్గరి చెట్టుకు పసుపు కుంకుమ పెట్టి పక్కకు జరిగింది. ఎవరూ నన్ను అడగలేదు. గొడ్డలి నేనే తీసుకున్నాను. ఎండు కట్టె వేరు, పచ్చి చెట్టు వేరు. గొడ్డలి దిగబడిపోయింది, ఊడి రాలేదు. ఆకు నలిగి తోటంతా చీనీ తొక్క వాసన వచ్చింది. ఎవరో పండగకు పళ్లు ఒలుస్తున్నట్టు వాసన. ఆ రోజు చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నానో నాకే తెలియదు.

ఉంచిన చెట్లకు కొమ్మలు కత్తిరించాం, పాదుల్లో వేరుశనగ పొట్టు మందంగా పరిచాం, ఉన్న నీళ్లు వాటికే పెట్టాం. ఆ ఏడు ఉత్తర కార్తెలో గట్టి వాన పడింది. అప్పటికి చెట్లు ప్రాణంతోనే ఉన్నాయి. నారాయణప్ప ఫోను చేశాడు.

"బతికినాయి సారూ."

ఆ తర్వాత ఏమైనా అంటాడేమో అని ఫోను చెవి దగ్గరే పెట్టుకున్నాను. పెట్టేశాడు.

కట్టెల డిపో

మా పెద్దసారు జిల్లా ఆఫీసులో సమావేశం పెట్టేవాడు. కొత్తగా ఎన్ని ఎకరాలు నాటించారన్నదే ఆయన అడిగేది. ఎన్ని బతికాయన్నది ఆయన్ని పైవాళ్లు అడిగేవాళ్లు కాదు, ఆయన మమ్మల్ని అడిగేవాడు కాదు. నా వంతు వచ్చినప్పుడు, సగం తోట కొట్టించి సగం నిలబెట్టానని చెప్పాను. గదిలో నవ్వులు.

"నువ్వు తోటల శాఖలో పనిచేస్తాండావా, కట్టెల డిపోలోనా?" అన్నాడు పెద్దసారు.

కోపం వచ్చింది. బయటికి వచ్చి టీ తాగి మళ్లీ లోపలికి వెళ్లి కూర్చున్నాను. ఆయన చెడ్డవాడు కాదు. కరువు మండలాలకు ట్యాంకర్ల కోసం ఊరూరా కాళ్లరిగేలా తిరిగాడు. ఒకసారి తోట కొట్టే రోజున చూడ్డానికి రమ్మని నేనే పిలిచాను. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "నేను చూడలేనప్పా. నువ్వు పోయి చూసుకో" అన్నాడు. పై అధికారుల్లో నాకు నచ్చిన నిజాయితీ ఏదైనా ఉంటే ఆ మాటే.

సున్నం సారు

నారాయణప్ప తోట నిలబడిందన్న సంగతి పాకింది. కరువు ముదిరినప్పుడల్లా ఏదో ఒక ఊరి నుంచి కబురు వచ్చేది. సున్నం పెట్టి, తొలి వేటు వేసి రావడం. బయటివాడు కావాలి, చెట్టు గురించి తెలిసినవాడు కావాలి, ఉసురు తగిలినా ఫరవాలేదనుకునేవాడు కావాలి. ఆ మూడూ నాలో ఉన్నాయని జనం తీర్మానించారు. నాకు సున్నం సారు అని పేరు పెట్టారు.

తోటలు చాలానే నిలబడ్డాయి. అది నాకు తృప్తే. కానీ కాలం బాగున్నప్పుడు నా బండి ఊళ్లోకి వస్తే పిల్లలు, "సున్నం సారు వచ్చినాడు" అని ఇళ్లలోకి పరిగెత్తేవాళ్లు. టీ బంకులో బల్ల మీద నా పక్కన కూర్చున్నవాళ్లు టీ తొందరగా ముగించేవాళ్లు. పూత మీదున్న తోటకు తెగులు చూద్దామని పోతే, "బాగుండాది సారూ, ఏమీ ల్యా" అని గట్టు మీద నుంచే పంపించేవాళ్లు. తొలి కాపు కోసిన రోజున మా ఆఫీసులో అందరి బల్లల మీదికీ కాయల సంచులు వచ్చేవి. నా బల్ల మీదికి రాలేదు. సంచి బరువనుకునేవాళ్లేమో అని నవ్వి ఊరుకునేవాడిని. బాధ వేసేది. ఇప్పుడు దాచుకుని ఎవరికి లాభం?

సాయంత్రం కర్నూలు నుంచి నా భార్య ఫోను. మొదటి మాట ఎప్పుడూ ఒకటే.

"ఈ పొద్దు నాటించినావా, కొట్టించినావా?"

"కొట్టించినా" అంటే ఆసుపత్రి వరండాలో ట్రాలీ చక్రాల చప్పుడు వినబడేది. తర్వాత, "తిన్నావా?" అనేది. నేను వేసిన వేటును వేటుగా కాక, పనిగా చూసిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె పనీ అలాంటిదే కాబట్టి కావచ్చు. నా రిటైర్మెంటుకు ముందే ఆమె పోయింది. ఒకచోట ఉందామనుకున్న ఇల్లు కట్టాను. అందులోనే ఉంటున్నాను.

కొత్తగా వచ్చేవాళ్లకు

పిల్లలకు సభలో చెప్పింది మళ్లీ చెప్పను. చెప్పనివి చెబుతాను.

అంటు కట్టడం మీ చేత్తో నేర్చుకోండి. కత్తి పట్టడం రాని ఆఫీసరు మాట రైతు మర్యాదకు వింటాడు, అంతే. నర్సరీలు, డ్రిప్పు కంపెనీలు, పళ్లు విదేశాలకు పంపేవాళ్లు మీకు మంచి జీతాలిస్తారు. పోండి, అందులో తప్పేమీ లేదు. అక్కడ కూడా చెట్టు పని చెట్టు పనే. కానీ ప్రభుత్వంలోనైనా, కంపెనీలోనైనా నాటడం మీద ఉన్న సంబరం కాపాడటం మీద ఉండదు. నాటే రోజు ఫొటో తీస్తారు. మూడో వేసవిలో మీతో ఎవరూ రారు. మీరు మాత్రం వెళ్లండి.

చేదు మాట ముందుగా చెప్పేవాడికి ఈ పనిలో స్నేహితులు ఉండరు. దానికి సిద్ధపడమని చెప్పడం సులువు. నేనే సిద్ధపడలేదు. రిటైరైన రోజున దండ మెడలో వేసుకుని బండి మీద వస్తూ, ఏదో ఒక ఊరి నుంచి ఎవరైనా వచ్చి ఉంటారేమో అని ఇంటి ముందు చూశాను. ఎవరూ లేరు. ఇంట్లో ఇంకో మనిషి ఉంటే ఈ ఉద్యోగం మొయ్యొచ్చు. ఒక్కరే అయితే బరువుగానే ఉంటుంది. ఇంతకంటే తెలివైన సలహా నా దగ్గర లేదు.

గేటు దగ్గర

కళాశాల నుంచి వచ్చాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నారాయణప్ప ఊరు మా ఇంటి నుంచి ఆటోలో పోయేంత దూరమే. ఇన్నేళ్లలో అటు వెళ్లింది లేదు, ఎవరూ పిలవలేదు కనుక. మొన్న శ్రావణ మాసంలో, కాయ కోతకు వచ్చే వేళ, నాకు నేనే బయల్దేరాను.

రోడ్డు మీద దిగి నడుస్తుంటేనే తోట కనిపించింది. కొట్టిన సగంలో ఇప్పుడు కంది వేశారు. మిగిలిన సగంలో కాయ బరువుకు కొమ్మలు కిందికి వాలి, వెదురు ఊతలు పెట్టి ఉన్నాయి. గేటు దగ్గర లక్ష్మీదేవమ్మ బుట్టలు సర్దుతోంది. జుట్టు నెరిసింది. నన్ను చూసి లేచి నిలబడింది. ముఖంలో రంగు పోయింది.

"ఏమప్పా సారూ... బోరు బాగుండాదే. చెట్లు కూడా బాగుండాయే. నిన్ను ఎవురు పిల్చినారు?"

"ఎవురూ పిలవల్యామ్మా. ఊరికే, ఒకసారి చూసిపోదామని వస్తి. నారాయణప్ప యాడ?"

"కాయలు ఏసుకుని అనంతపురం మండీకి పోయినాడు." గేటుకు అడ్డంగా చెయ్యి పెట్టింది. తల దించుకుని అంది. "ఏమనుకోవద్దు సారూ. నువ్వు లోపలికి రావద్దు. నీ మీద కోపం ల్యా. నీ వల్లనే ఇవి బతికినాయని నాకూ తెలుసు, ఆయప్పకూ తెలుసు. కానీ కాయ మీదుండాయి. నిన్ను చూస్తే వాటికి భయమైతాదేమో అని నాకు."

చెట్లకు భయమేమిటని అడగొచ్చు. నేను తోటల చదువు చదివినవాడిని. అడగలేదు. ఆ తోటలో గొడ్డలి దిగబడినప్పుడు ఆమె అక్కడే ఉంది, నేనూ ఉన్నాను.

"సరేమ్మా" అని వెనక్కి తిరిగాను.

"నిలబడు" అంది. "అట్లే పోతావా?"

లోపలికి వెళ్లింది. చాలాసేపు రాలేదు. గేటు కడ్డీల మధ్య నుంచి చూస్తూ నిలబడ్డాను. వచ్చేసరికి కొంగు నిండా కాయలు. గేటు బయటికి వచ్చి, గట్టు మీద రాయి చూపించి కూర్చోమంది. తనూ కాస్త ఎడంగా కూర్చుంది. ఒక కాయ ఒలిచి తొనలు నా చేతిలో పెట్టింది.

"ఇవి యా చెట్టువో తెలుసునా?"

తెలియదన్నాను.

"ఆ పొద్దు నేను సున్నం కడిగేసిన చెట్టువి." చేతిలో తొక్కను చిన్న చిన్న ముక్కలుగా తుంచుతోంది. "నువ్వు చూసినావని నాకు అప్పుడే తెలుసు. నా చేతులు చూసినావు గదా. చూసి కూడా ఏమీ అనకపోతివి. ఆయప్పకు ఇంతవరకూ చెప్పలేదు సారూ, ఎవురికీ చెప్పలేదు."

కాయ చిన్నది, తొక్క మందం, గింజలు ఎక్కువ. బంక తెగులు చెట్టు కాయ అలాగే ఉంటుంది. మండీలో ముందు పక్కకు తీసేసే రకం. తీయగా ఉంది. నేను గుంత కొలిచి నాటించిన తోటల కాయ ఏదీ నేను తినలేదు. ఇది తిన్నాను. కళ్లు తడిస్తే ఎండ వైపు తిరిగి కూర్చున్నాను. ఆమె చూడనట్టే ఉంది.

"ఇంగా బతికే ఉందా అది?" అన్నాను.

"వంగే ఉండాది. దాని కిందే తింటా ఇప్పటికీ."

మిగిలిన కాయలు నా సంచిలో వేసి లేచింది. లోపలికి వెళ్లి గేటు గడియ పెట్టింది. నేను రోడ్డు దాకా వెళ్లేవరకు అక్కడే నిలబడి ఉంది. నన్ను సాగనంపడానికో, పోయానో లేదో చూసుకోవడానికో తెలియదు. రెండూ కావచ్చు.

ఇంటికి వచ్చి కాయలు పళ్లెంలో పోసి బల్ల మీద పెట్టాను. ఫోను మోగే వేళ అయింది. ఆ వేళకు ఇప్పటికీ చెవి అటే ఉంటుంది. ఈ పొద్దు నాటించినావా, కొట్టించినావా అని నా భార్య అడిగి ఉంటే, రెండూ కాదే, గేటు బయట కూర్చుని ఒక కాయ తిన్నానని చెప్పేవాడిని.